తాతయ్య ఒప్పుకున్న సైన్యం

మా మనవరాలు జెస్సీ ఒక శనివారం బాపట్ల నుంచి రైల్లో తెనాలి వచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా నా మంచం మీద ఒక సైన్యాన్ని పరిచింది. ఒక టాబ్లెట్టు, దాన్నిండా రంగురంగుల పటాలు, పక్కనే పాచికల సంచీ. ఆ పాచికలు మనమెరిగిన పాచికల్లా లేవు. ఒకదానికి ఎనిమిది ముఖాలుంటే ఇంకోదానికి ఇరవై. బాపట్లలో ఇంజనీరింగు చదివే ఈ పిల్లా, దాని స్నేహితులూ ఆదివారం వస్తే చాలు, చుట్టూ కూర్చుని లేని దేశంలో లేని రాజుల కథ ఆడుకుంటారట. ఒకడు మంత్రగాడు, ఒకతి దొంగ, ఇంకొకడు గుర్రపు రౌతు. ఎవరి వేషానికి తగ్గట్టు వాళ్ళు మాట్లాడాలి. ఎవరు ఏం చేయబోయినా అది కుదిరిందో లేదో పాచిక చెబుతుంది. కుదిరాక ఏమైందో జెస్సీ చెబుతుంది, కథ నడిపేది అదే కనక. ఇంజనీరింగు కాలేజీకి పంపింది ఇందుకా అని దాన్ని ఏడిపిద్దామనుకున్నాను గానీ, మొహం చూస్తే ఏడిపించేలా లేదు.

"ఏంటే, అలా ఉన్నావు?"

"ఇదిగో ఈ సైన్యం చూడు అమ్మమ్మా. ఉత్తర రాజ్యం వాళ్ళది. లక్షమంది. వచ్చే ఆదివారం యుద్ధం."

"బాగానే ఉందిగా. జెండాలు కూడా వేశావు."

"ఏం బాగు? మొన్న ఇమ్రాన్ గాడు ఒక్క ప్రశ్న వేశాడు. 'ఇంతమందికి పొద్దున్నే టిఫిన్ ఎవరు పెడుతున్నారే?' అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. డ్రాగన్ ఉందంటే నమ్మారు అమ్మమ్మా, సైన్యం ఉందంటే నమ్మట్లేదు. ఇక ఎవరికీ ఆడబుద్ధి కావట్లేదు."

నాకూ నవ్వొచ్చింది, కానీ ఆ పిల్లను చూసి కాదు. ఆ ప్రశ్న నాకు పాత చుట్టం. నా చిన్నప్పుడు మా రేపల్లె ఇంట్లో ఎర్రగచ్చు మీద సుద్దముక్కతో గీసిన రాజ్యాల్లో, అచ్చం ఆ ప్రశ్నే, అంతకంటే కర్కశమైన గొంతుతో వినిపించేది. ఆ గొంతు మా తాతయ్యది. అది మళ్ళీ వినిపించడం కోసం మా అమ్మ పడిన తంటాలు తలుచుకుంటే ఈ లక్షమందిని పోషించడం ఏ మూలకి?

నాన్న తెనాలిలో గుమాస్తా. పొద్దున్నే పాసింజరు ఎక్కి వెళ్ళి దీపాలు పెట్టే వేళకి వచ్చేవారు. ఇంట్లో అమ్మ, నేను, తాతయ్య, నాయనమ్మ. తాతయ్య కాలవల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం వదిలింది గానీ కాలవ వదల్లేదు. తెల్లారకముందే లేచి, కచ్చికతో పళ్ళు తోముకుని, గొడుగు చంకన పెట్టుకుని గట్టు దాకా వెళ్ళి నీళ్ళు చూసొచ్చేవారు. "ఇవాళ నీరు జానెడు తీసింది" అనో, "పైన లాకులెత్తారు" అనో వచ్చి చెప్పాకే నాయనమ్మ కాఫీ ఇచ్చేది. ఆ వార్తతో ఆవిడకి ఒరిగేదేమీ లేదు. ఆయన చెప్పాలి, ఆవిడ వినాలి, అప్పుడు కాఫీ. అదీ వాళ్ళ కాపరం. మా వంటింట్లో ఎప్పుడూ రొయ్యపొట్టు వేగుతున్న వాసన, వసారాలో తాతయ్య చుట్ట వాసన, నాయనమ్మ దగ్గరికి వెళితే గంజి పెట్టిన తెల్లచీర వాసన. వానాకాలంలో వీటన్నిటి మీదా ఆరని బట్టల ముక్కవాసన. రాత్రి భోజనాలకి ముందు తాతయ్య బైబిలు చదివి ప్రార్థన చేసేవారు. ఆయన ప్రార్థనలో కాలవ నీళ్ళు, కోతలు, చుట్టాల జబ్బులు అన్నీ వచ్చేవి. అన్నం చల్లారిపోయేది. నాయనమ్మ మధ్యలో ఒకసారి దగ్గేది. ఆ దగ్గు విని ఆయన ఆమెన్‌కి వచ్చేవారు.

ఆ ఏడు ముసురు పట్టిన రోజుల్లో నాయనమ్మ పోయింది. వానలో పిల్లలెందుకని నన్ను పక్కింట్లో ఉంచి పెద్దవాళ్ళు మాత్రమే సమాధుల తోటకి వెళ్ళొచ్చారు. తిరిగొచ్చిన తాతయ్య తడిబట్టలతోనే వసారాలో వాలుకుర్చీలో కూర్చున్నారు. ఆ తర్వాత ఆయన గట్టుకి వెళ్ళలేదు. సమాధుల తోట వైపు అసలే వెళ్ళలేదు. చుట్ట ముట్టలేదు, ప్రార్థన చెయ్యలేదు. ఏమడిగినా "ఊఁ" అనడమే. కంచంలో అన్నం కలిపి, రెండు ముద్దలు తిని, చెయ్యి కడిగేసుకునేవారు. డాక్టరు వచ్చి చూసి జబ్బేమీ లేదన్నాడు. "జబ్బుంటే మందుంటది. ఇదేంటండీ, మనిషి కళ్ళ ముందే కరిగిపోతన్నారు. అత్తయ్య వెనకాలే ఈయన కూడా వెళ్ళిపోతారేమోనని నాకు భయంగా ఉందండీ" అని అమ్మ నాన్నతో చెప్పి ఏడవడం నేను విన్నాను. అప్పట్నుంచీ ఆయన కంచం వంక నేను కూడా చూడ్డం మొదలుపెట్టాను.

దసరా సెలవులకి బాపట్ల నుంచి పెదనాన్న కొడుకు ప్రభు వచ్చాడు. నాకంటే రెండేళ్ళు పెద్ద, అన్నయ్యా అని పిలిస్తేనే పలికే రకం. వానకి బయటికి పోనివ్వకపోతే వాడే ఈ ఆట కనిపెట్టాడు. ముందుగది గచ్చు మీద సుద్దతో మూడు ఊళ్ళు గీశాడు. బాపట్లకి వాడు రాజు, రేపల్లెకి నేను రాణిని. మధ్యలో తెనాలి ఎవరు కొట్టుకుంటే వాళ్ళది. చింతపిక్కలు కాల్బలం, గచ్చకాయలు గుర్రాలు, తాటిటెంకలు ఏనుగులు. ఎవరు గెలిచారో గవ్వలు వేసి తేల్చుకోవాలి. ఆట నడిచినంతసేపూ నాటకాల ఫక్కీలోనే మాట్లాడాలి, మామూలుగా మాట్లాడితే నెత్తిన మొట్టికాయ. ఇరవై ముఖాల పాచికలు లేవన్న మాటే గానీ జెస్సీ ఆడే ఆటే అది. మాకు పుస్తకం లేదు, రాసిపెట్టిన నియమాలు లేవు, కథ నడిపేవాళ్ళూ లేరు. ఇద్దరం రాజులమే కనక ఇద్దరం అబద్ధాలకోరులమే.

"ఓసీ రేపల్లె రాణీ! నా ఏనుగులు బాపట్లలో బయల్దేరి చేలకడ్డం పడి పొద్దుగూకేలోగా తెనాలి చేరుకున్నవి!" అని ప్రభు తాటిటెంకల్ని గచ్చు మీద బరబరా తోశాడు.

"ఏ నెల్లో?"

మేమిద్దరం ఉలిక్కిపడ్డాం. వసారాలోంచి మళ్ళీ అదే గొంతు. "నిన్నేరా. ఏ నెల్లో వచ్చినయ్యి నీ ఏనుగులు?"

"ఇప్పుడే తాతయ్యా. దసరాకి."

"దసరాకి చేలల్లో ఏనుగులా! నల్లరేగడి, మోకాల్లోతు నీళ్ళు. పొట్ట దాకా దిగబడిపోతయ్. లాగటానికి ఇంకో ఏనుగునెక్కణ్ణించి తెస్తావ్? వచ్చేవాడెవడైనా కొమ్మమూరు కాలవ గట్టు మీదే రావాల. గట్టు మీద ఇద్దరు పక్కపక్కన నడిస్తే గొప్ప. నీ సైన్యం తల సంగం జాగర్లమూడిలో ఉంటే తోక ఇంకా బాపట్ల దాటదు. ఇక తెనాలేం కొడతావ్?"

వంటింటి గుమ్మంలో అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాయనమ్మ పోయాక ఆయన నోటి నుంచి ఒక్కసారిగా అన్ని మాటలు రావడం అదే మొదలు. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే మా ఇద్దర్నీ పెరట్లోకి పిలిచింది. "రేపు కూడా ఏదో ఒక తప్పు చెయ్యండమ్మా. చిన్నాచితకా తప్పు కాదు, ఆయన విని ఊరుకోలేని తప్పు. నేను అన్నం పెట్టే టైముకి చెయ్యండి."

ప్రభుకి పౌరుషం పొడుచుకొచ్చింది. "నేను రాజుని పిన్నీ. రాజెక్కడైనా కావాలని తప్పు చేస్తాడా?"

"తాతయ్య రెండు ముద్దలు ఎక్కువ తింటారంటే చేస్తాడు నాయనా. తెనాలి గెల్చుకుని నువ్వేం చేసుకుంటావ్?"

ఆ విధంగా మేము తప్పుల తయారీలో పడ్డాం. తప్పు చెయ్యడమెంతసేపు అనుకున్నాం గానీ, పన్లో దిగితే తెలిసింది. మొదటిరోజే ప్రభు అత్యుత్సాహం కొద్దీ, తన సైన్యం సూర్యలంక దగ్గర సముద్రం నీళ్ళు కాచి చల్లార్చుకుని తాగిందన్నాడు. తాతయ్య వాణ్ణి ఎగాదిగా చూసి, "ఒరే, నువ్వు బాపట్లలోనేనా పుట్టింది?" అని మొహం తిప్పుకున్నారు. ఆ పూట అన్నం అలాగే ఉండిపోయింది. మరీ వెర్రి తప్పయితే ఆయన పలకరు. తప్పు నిజానికి ఆనుకుని ఉండాలి. నమ్మించే సైన్యాన్ని తయారుచెయ్యడం కన్నా నమ్మించే తప్పు చెయ్యడం కష్టమని నాకు అప్పుడే తెలిసింది. తప్పు ఎక్కడుందో తెలియాలంటే ఒప్పేంటో తెలియాలి కదా. అందుకని మేము ఊరంతా తిరిగి అందర్నీ అడగడం మొదలుపెట్టాం. పెళ్ళిళ్ళకి వండే మేస్త్రీని పట్టుకుని వానలో పొయ్యి ఎలా వెలిగిస్తారని అడిగాం. బండివాణ్ణి పట్టుకుని ఇసకలో ఎడ్లు ఎంత బరువు లాగుతాయని అడిగాం. వీళ్ళ పిచ్చేంటని వాళ్ళు నవ్వుకుని, చెప్పాల్సింది చెప్పేవాళ్ళు.

మర్నాడు అమ్మ కంచం పెట్టగానే నేను రాణి గొంతుతో, నా సైన్యానికి బియ్యం పడవల మీద కాలవలో వస్తోందని ప్రకటించాను. అది తప్పు కాదు, అప్పట్లో పడవల మీద సరుకు వచ్చేది. తాతయ్య అన్నం కలుపుతూ, "ఎదురు నీళ్ళా, వాలు నీళ్ళా?" అన్నారు. ఎదురన్నాను. "ఎదురైతే తాడు కట్టి లాగాల. లాగేవాళ్ళు నడిచేదెక్కడ? గట్టు మీదే. గట్టు మీద నీ సైన్యం నడుస్తాందిగా. మరి ముందు ఎవరు తప్పుకుంటారు, తిండా, సైన్యమా?" అంటూ ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నేను నిజంగానే బుర్ర గోక్కున్నాను. దాని గురించి మేము ముగ్గురం ఎంతసేపు వాదించుకున్నామంటే, అమ్మ చడీచప్పుడు లేకుండా మారు వడ్డించి, మజ్జిగ కూడా పోసి వెళ్ళిపోయింది. ఆయనకి తెలియనే తెలియదు. చివరికి పగలు సైన్యం, తెల్లవారుజామున పడవలు నడవాలని ఒప్పందమైంది. ఆ తర్వాత ఇంకెన్ని సంగతులు! వంటవాళ్ళు సైనికుల కంటే ముందు బయల్దేరాలి, లేకపోతే సైన్యం వచ్చేసరికి పొయ్యి కూడా వెలగదు. అరిటాకుల కోసం కొల్లిపర తోటలకి మనిషిని పంపాలి. బాపట్ల ఇసక దాటేదాకా బండ్లలో సగం బరువే వెయ్యాలి. ఎడ్లకి గడ్డి మోసే బండ్లకి కూడా ఎడ్లుంటాయి, వాటికి గడ్డెవడు మోస్తాడని తాతయ్య అడిగిన రోజు ప్రభు రాజరికం వదిలేస్తానన్నాడు. "కూటి కోసం కోటి విద్యలన్నారు గదరా, ఆ విద్యల్లో యుద్ధం ఆఖరిది" అని తాతయ్య నవ్వారు. అవును, నవ్వారు. ఆ పూట గోంగూర రెండోసారి అడిగి వేయించుకున్నారు.

ఒక్కోసారి అనిపిస్తుంది, ఈ కాలం పిల్లలకి పటం గీయడం ఎంత తేలికో. జెస్సీ వేలితో ఒకటి నొక్కితే కొండలు లేస్తాయి, నదులు పారతాయి, ఎత్తుపల్లాలకి రంగులు కూడా వాటంతటవే పడతాయి. మాకు మెరకేదో పల్లమేదో తెలిసేది కాళ్ళకే. వాన పడితే ఏ సందులో చెప్పులు విప్పాలో, ఏ సందులో అక్కర్లేదో, అదే మా పటం. అలాగని మా కాలమే గొప్పదని చెప్పను. ఆ సందుల్లో నడిచినందుకు నా కాలివేళ్ళ మధ్య ఏటా ఒరిసిపోయేది. జెస్సీ దగ్గరున్నదీ, నా దగ్గర లేనిదీ ధైర్యం. లక్షమందిని ఒక్క పూటలో పుట్టిస్తుంది. మేము పిడికెడు చింతపిక్కల దగ్గరే ఆగిపోయాం.

చిక్కెక్కడ వచ్చిందంటే, సెలవులు అయిపోయేసరికి మా సైన్యాలు బాగుపడిపోయాయి. గట్టు మీద నడుస్తున్నాయి, వేళకి తింటున్నాయి, ఎడ్లు కూడా తింటున్నాయి. తాతయ్య కుర్చీలోంచి వంగి చూసి "బానే ఉంది" అనేవారు, మళ్ళీ వసారా చూరు వంక చూస్తూ కూర్చునేవారు. తప్పులు నిండుకున్నాయి. ఒక పూట రెండు ముద్దలకే చెయ్యి కడిగేసుకున్నారు. అమ్మ నా వంక చూసింది, నేను ప్రభు వంక చూశాను. వాడు మర్నాడు బాపట్ల వెళ్ళిపోతాడు. వాడి మొహంలో కూడా రాజు లేడు.

ఆఖరిరోజు, ఏదైతే అదైందని, తెనాలి మీద అసలు యుద్ధం పెట్టుకున్నాం. తాతయ్య కోసం కాదు, మా కోసమే. గవ్వలు గలగలలాడాయి. అరుపులు, కేకలు, పద్యాల్లాంటివి కూడా. ఎవరో ఒకరం గెలిచాం. గెలిచాక మామూలుగా చేసేదే చేశాం. పిక్కలన్నీ పోగుచేసి, రెండు సైన్యాల్నీ కలిపి డబ్బాలో పోసి మూత పెట్టబోయాం.

"చచ్చిపోయినోళ్ళేరిరా?"

ప్రభు నా వంక చూశాడు. ఇది మేమనుకుని చేసిన తప్పు కాదు. "ఎవరూ చావలేదు తాతయ్యా. అందరూ ఇంటికెళ్ళిపోయారు" అన్నాను నేను.

"యుద్ధమయ్యాక అందరూ ఇంటికెట్టా పోతారే? చచ్చినోళ్ళని ఎక్కడ పెట్టారు?"

జెస్సీకి ఇక్కడి దాకా చెప్పేసరికి దాని రైలు టైమైంది. మిగతాది మళ్ళీ చెబుతానని పంపించేశాను. ఆదివారం సాయంత్రం ఫోన్ చేసింది. గొంతు వేరుగా ఉంది. సైన్యాన్ని బాగా తగ్గించి, గట్టు మీద నడిపిందట. ఇమ్రాన్ ఈసారి మాట్లాడకుండా ఆడాడట. యుద్ధమయ్యాక అది కూడా వాళ్ళని అదే అడిగింది, చచ్చినవాళ్ళని ఎక్కడ పెడతారని. "ఎవ్వరూ పాచిక ముట్టలేదు అమ్మమ్మా. ఇమ్రాన్ గాడైతే వాళ్ళ నాన్నగారి సంగతి చెప్పాడు. కరోనాలో పోయారంట, ఇంట్లోవాళ్ళనెవర్నీ దగ్గరికి రానివ్వలేదంట. ఇన్నేళ్ళ స్నేహంలో మాకెప్పుడూ చెప్పలేదు. ఆట అక్కడే ఆపేశాం. మరి మీరేం చేశారు? మీ తాతయ్యకి ఏం చెప్పారు?"

అప్పుడు దానికి మిగతాది చెప్పాను.

ప్రభు డబ్బాలోంచి కొన్ని పిక్కలు తీసి గచ్చు మీద తెనాలి పక్కన ఒకచోట పెట్టాడు. తాతయ్య కుర్చీలోంచి లేచి వచ్చి, మా పక్కనే గొంతుకూర్చున్నారు. "అక్కడొద్దురా. అది పల్లం. మెరక చూసి పెట్టాల" అన్నారు. పిక్కల్ని ఒక్కొక్కటే ఏరి ఇంకోచోట పెట్టబోయి ఆగిపోయారు. మా వంక చూడకుండా గచ్చుతో చెబుతున్నట్టు చెప్పారు. "గోతిలో నీళ్ళు ఊరతానే ఉన్నయ్. బకెట్లతో తోడారు. తోడేకొద్దీ వచ్చినయ్. పాస్టరుగారు ఎంతసేపని ఆగుతారు వానలో? పెట్టెని అట్టాగే దించారు. నీళ్ళ మీద కాసేపు తేలింది. ఊళ్ళ మీదికి నీళ్ళు రాకుండా చూట్టమే కదరా నా ఉజ్జోగం. మీ నాయనమ్మని తీసుకెళ్ళి నీళ్ళలో పెట్టి వచ్చాను."

నాకు ఆ వయసులో అంతా అర్థమైందని చెప్పను. ఒకటి మాత్రం తెలిసింది. ఆయన ఇన్నాళ్ళూ చూరు వంక చూస్తున్నది ఊరికే కాదు, వాన ఎప్పుడు ఆగుతుందా అని. నాకు ఏడుపొచ్చింది. ప్రభు మాత్రం ఏడవలేదు. వాడు పెద్ద తెలివైనవాడని నేను ఎప్పుడూ అనుకోలేదు గానీ ఆ రోజు వాడు అడిగిందాన్ని మించిన ప్రశ్న నేను ఇంతవరకూ వినలేదు.

"ఇప్పుడు తోడేస్తే పోవా తాతయ్యా?"

ఆయన చేతిలోని పిక్కల్ని గచ్చు మీద పెట్టేశారు. తర్వాత లేచి, దండెం మీది చొక్కా తొడుక్కుని, పెరట్లోంచి పార తెచ్చుకున్నారు.

సమాధుల తోట ఊరి చివర మురుగుకాలవ పక్కన. వాన వెలిసింది గానీ లోపలంతా చీలమండల్లోతు నీళ్ళు. నాయనమ్మను పెట్టినచోట మట్టి కుంగి, మడుగు కట్టి ఉంది. తాతయ్య దాని చుట్టూ ఒకసారి నడిచారు. ఉద్యోగంలో ఉన్నప్పుడు గట్లు చూసేవారే, అలాగే, తల పక్కకి వాల్చి, వాలు ఎటుందో చూసుకున్నారు. తర్వాత మురుగుకాలవ వైపు చిన్న బోదె తవ్వడం మొదలుపెట్టారు. ఇన్నాళ్ళూ తిండి లేని ఒళ్ళు, నాలుగు పారలకే రొప్పొచ్చింది. ప్రభు పార అందుకున్నాడు. నేను చేతులతో బురద ఎత్తిపోశాను. మధ్యలో ఆయన "అటు కాదు, ఇటు" అనేవారు, మేము ఇటు తవ్వేవాళ్ళం. చివరి అడ్డు మాత్రం ఆయనే తీశారు. మొదట నీళ్ళు కదల్లేదు. కాస్సేపటికి ఒక ఎండుటాకు మెల్లగా తిరిగి, బోదెలోకి జారి, కాలవ వైపు వెళ్ళిపోయింది. దాని వెనక నీళ్ళన్నీ బయల్దేరాయి.

ఆయన పార మీద ఆనుకుని అది పూర్తిగా దిగేదాకా నిలబడ్డారు. మడుగు పోయి తడిమట్టి తేలాక, మా ఇద్దరితో మట్టిగడ్డలు తెప్పించి ఎత్తు చేయించారు. ఒంగి అరచేత్తో తట్టి, ఆవిడతో అన్నట్టే, "తీసింది. పూర్తిగా తీసింది" అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు.

"కరుణా, నువ్వు ముందు ఇంటికి పరిగెత్తు. మీ అమ్మని అన్నం వండమను. ఆకలేస్తాంది."

బురదకాళ్ళతోనే పరిగెత్తి వంటింట్లోకి వెళ్ళి ఆ మాట చెప్పాను. అమ్మ కాళ్ళు కడుక్కురమ్మని కసరలేదు. బియ్యం డబ్బా మూత తీసి, కొలిచే తవ్వ కోసం చూడకుండా, రెండు చేతులతో ఎత్తి గిన్నెలో పోసింది.